రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి: కార్డు పాయింట్ల విలువను బిల్లులో రూపాయల్లో వేయించండి

గౌరవనీయులైన శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,

నమస్కారం. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. బీసెంట్ రోడ్డు దుకాణాల జీఎస్టీ రిటర్నులు, ఉద్యోగస్తుల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు నా చేతి మీదుగా వెళ్తాయి. కాబట్టి క్రెడిట్ కార్డు నాకు కౌంటరుకు రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది. కార్డు గీకిన మనిషి స్టేట్‌మెంటు నా టేబుల్ మీదికి వస్తుంది, ఆ కార్డును తీసుకున్న షాపాయన బ్యాంకు ఖాతా కూడా వస్తుంది. రిటర్నుల సీజన్‌లో పన్ను లెక్క అయిపోయాక చాలామంది లేవబోతూ ఒక మాట అడుగుతారు: "ఈ కార్డు తీసుకోమంటారా? పాయింట్లు బాగా వస్తాయంట." దీనికి సరైన జవాబు చెప్పడానికి కావలసిన అంకె ఏ కార్డు బిల్లులోనూ నాకు దొరకడం లేదు. ఆ అంకెను వేయించే అధికారం మీకు ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఏ బిల్లు తీసినా ఒక మూల 'మీ రివార్డ్ పాయింట్లు 4,860' అని ఉంటుంది. అవి ఎన్ని రూపాయలో ఉండదు. బ్యాంకు వెబ్‌సైటులో వెతుక్కుంటే, బిల్లులో తగ్గించుకుంటే ఒక లెక్క, వాళ్ల కేటలాగ్‌లో వస్తువు తీసుకుంటే మరో లెక్క, విమాన టికెట్టుకు వాడితే ఇంకో లెక్క అని తెలుస్తుంది. ఒకే బ్యాంకు ఇచ్చిన రెండు కార్డుల్లో పాయింటు విలువ రెండు రకాలు. ఒక కార్డు వంద రూపాయలకు ఒక పాయింటు ఇస్తుంది, ఇంకోటి నూటయాభైకి నాలుగు ఇస్తుంది. నాలుగు ఇచ్చేదే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. పాయింటు ఖరీదు తెలియకుండా ఆ మాట అనడానికి వీల్లేదు. అప్పు మాత్రం పైసలతో సహా రూపాయల్లో ఉంటుంది. వడ్డీ, లేటు ఫీజు, జీఎస్టీ అన్నీ రూపాయల్లోనే. మన దగ్గర వసూలు చేసేవి రూపాయల్లోనూ, మనకు ఇచ్చేవి పాయింట్లలోనూ రాసిన కాగితం చూసి మామూలు మనిషి లాభనష్టాలు ఎలా తేల్చుకుంటాడు?

నేను తేల్చిన లెక్క ఒకటి మీ ముందు పెడతాను. నెలకు రూ.20,000 కార్డు మీద ఖర్చు చేసే కుటుంబం అనుకోండి. వంద రూపాయలకు ఒక పాయింటు, పాయింటు పావలా. నెలకు 200 పాయింట్లు, అంటే రూ.50. ఏడాదికి రూ.600. వాటిని మార్చుకోవడానికి చాలా బ్యాంకులు రూ.99 తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు రూ.117. మిగిలింది రూ.483. కార్డుకు ఏడాది ఫీజు రూ.499 ఉంటే జీఎస్టీతో కలిపి రూ.589. ఆ ఫీజు మాఫీ కాకపోతే ఏడాదంతా జాగ్రత్తగా బిల్లు కట్టిన కుటుంబానికి కూడా వంద రూపాయలు చేతి నుంచే పోతాయి. పైగా నెలకు రూ.20,000 ఖర్చులో అన్నిటికీ పాయింట్లు పడతాయని అనుకున్నాను. నిజానికి అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసుకున్న డబ్బు, ప్రభుత్వానికి కట్టే పన్నులు, కొన్ని కార్డుల్లో కరెంటు బిల్లూ బీమా ప్రీమియమూ కూడా పాయింట్ల లెక్కలోకి రావు. మధ్యతరగతి ఇంట్లో పెద్ద ఖర్చులంటే అవే కదా.

ఇప్పుడు ఇదే కుటుంబం ఒక్క నెల తడబడితే ఏమవుతుందో చూడండి. ఏప్రిల్ 5న రూ.20,000 పెట్టి ఒక వస్తువు కొన్నారు. ఏప్రిల్ 20న బిల్లు వచ్చింది. మే 10 గడువు. ఆ నెల చేతిలో డబ్బు లేక 'మినిమమ్ డ్యూ' (కనీసం కట్టాల్సిన మొత్తం) అని రాసిన రూ.1,000 గడువులోపల కట్టారు. లేటు ఫీజు పడలేదు, కాబట్టి ఇబ్బందేమీ లేదనుకున్నారు. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42. ఆ వడ్డీ గడువు తేదీ నుంచి మొదలు కాదు, వస్తువు కొన్న ఏప్రిల్ 5 నుంచే మొదలవుతుంది. మే 10 వరకు 35 రోజులకు రూ.20,000 మీద రూ.805. అక్కడి నుంచి మే 20 బిల్లు దాకా పది రోజులకు మిగిలిన రూ.19,000 మీద రూ.219. మొత్తం రూ.1,024, దాని మీద జీఎస్టీ రూ.184. అంటే రూ.1,208. మే 20న వచ్చిన బిల్లులో బాకీ రూ.20,208. వెయ్యి రూపాయలు కట్టిన తర్వాత బాకీ మొదటికన్నా పెరిగింది. ఈ మధ్యలో ఇంకేమైనా కొంటే దానికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ.

ఆ రూ.1,208కి పక్కన పాయింట్లను పెట్టి చూడండి. నెలకు రూ.50 చొప్పున రెండేళ్లు కూడబెట్టిన పాయింట్లతో అది సమానం. ఒక్క బిల్లు పూర్తిగా కట్టనందుకు రెండేళ్లవి పోయాయి.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఇలా చిక్కుకునేవాళ్లను అజాగ్రత్త మనుషులని తీసిపారేయడం. నా దగ్గరికి వచ్చే స్టేట్‌మెంట్లలో బాకీ పెరగడం ఎక్కువగా జూన్‌లో మొదలవుతుంది. పిల్లల స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. లేదంటే ఇంట్లో ఎవరికో ఆపరేషన్. అక్కడి నుంచి కొందరు ఒక కార్డు బిల్లు కట్టడానికి ఇంకో కార్డు గీకి క్యాష్ తీసుకుంటారు. ఏదో ఒక షాపులో వస్తువు కొన్నట్టు బిల్లు చేసి, నూటికి రెండు మూడు రూపాయలు కమిషన్ పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. మా ఊళ్లోనే కాదు, చిన్న టౌన్లలో కూడా ఈ పని జరుగుతోంది. దీన్ని 'రొటేషన్' అంటారు. ఆ గీకుడికి కూడా పాయింట్లు పడతాయి. అప్పుతో అప్పు తీరుస్తున్న మనిషికి, నెలాఖరున "అభినందనలు, మీకు ఇన్ని పాయింట్లు వచ్చాయి" అని మెసేజ్ వస్తుంది.

క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. వడ్డీ రేట్ల సంగతి చూసుకోవలసింది రిజర్వ్ బ్యాంకే అని తీర్పు సారాంశం. అంటే ఈ విషయంలో సామాన్యుడు ఇక అడగాల్సింది మిమ్మల్నే. అదే ఏడాది ఏప్రిల్‌లో మీ బ్యాంకు రిటైలు అప్పులకూ చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకూ ఒక మంచి నియమం తెచ్చింది. ఫీజులన్నీ కలిపితే ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో ఒకే అంకెలో, ఒకే కాగితం మీద చూపించి తీరాలని. పర్సనల్ లోన్ తీసుకునేవాళ్లకు నేను ఇప్పుడు ఆ కాగితమే ముందు చదవమని చెబుతున్నాను. కానీ ఆ సర్క్యులర్ నుంచి క్రెడిట్ కార్డు బాకీలను మినహాయించారు. మన జనం తీసుకునే అప్పుల్లో ఇంత ఖరీదైనవి తక్కువ. అలాంటిదాన్ని మినహాయించడానికి కారణం నాకు అర్థం కాలేదు. కార్డులకు వేరే ఫ్యాక్ట్ షీటు ఉందని మీ అధికారులు చెప్పవచ్చు. ఉంది, కార్డు ఇచ్చే రోజున ఇస్తారు. మనిషి చిక్కుల్లో పడేది మాత్రం ఆరు నెలల తర్వాత, బిల్లు ముందు కూర్చున్నప్పుడు. అంకె అక్కడ ఉండాలి.

ఇక కౌంటరుకు అవతలి వైపు చూద్దాం. ఒక ఎలక్ట్రికల్ షాపులో కస్టమరు రూ.10,000 సామాను కొని కార్డు ఇచ్చాడు. కార్డు తీసుకున్నందుకు బ్యాంకు షాపాయన దగ్గర పట్టుకునే రుసుము, అంటే ఎండీఆర్, రెండు శాతం అయితే రూ.200, దాని మీద జీఎస్టీ రూ.36. షాపు కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టే పద్ధతి) ఉంటే ఆ రూ.36 ఇన్‌పుట్‌గా, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, తిరిగి రాదు. రూ.236 పోయినట్టే. కార్డు ఇచ్చిన కస్టమరుకు వచ్చింది వంద పాయింట్లు, పావలా లెక్కన రూ.25. మిగిలింది కార్డు ఇచ్చిన బ్యాంకు, మిషన్ పెట్టిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు పంచుకుంటాయి. వడ్డీ లేని గడువుకు అయ్యే ఖర్చు, మోసాల నష్టం బ్యాంకు అందులోంచే భరిస్తుంది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ షాపాయన ఆ రూ.236 తన ఇంట్లోంచి తెచ్చి ఇవ్వడు. మొహమాటం లేనివాడు "కార్డయితే రెండు శాతం ఎక్కువవుద్దండీ" అని మొహం మీదే చెబుతాడు. మొహమాటం ఉన్నవాడు వస్తువు ధరలోనే కలిపేస్తాడు. అప్పుడు ఆ ధర నోట్లు ఇచ్చేవాడికీ అదే, ఫోన్‌తో స్కాన్ చేసేవాడికీ అదే. 2020 జనవరి నుంచి యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకూ ఎండీఆర్ లేదు. ఆ దారిలో కట్టే హమాలీ, పనిమనిషి, ఆటో డ్రైవరు షాపుకు ఏ ఖర్చూ తేకపోయినా కార్డు ఖర్చు కలిసిన ధరే కడుతున్నారు. ఇది ఒకరి విస్తరిలోంచి తీసి ఇంకొకరి విస్తరిలో వడ్డించడం.

అమెరికాలో ఈ సంగతిని ఊహకు వదిలేయలేదు. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఆర్థికవేత్తలు కూడా ఉన్న ఒక బృందం లక్షల కార్డు ఖాతాల లెక్కలు తీసి చూసింది. రివార్డు కార్డుల వల్ల ఏడాదికి దాదాపు 1,500 కోట్ల డాలర్లు, తక్కువ చదువుకున్నవాళ్ల నుంచి ఎక్కువ చదువుకున్నవాళ్లకు, పేద ప్రాంతాల నుంచి ధనిక ప్రాంతాలకు వెళ్తున్నాయని తేల్చింది. యూరోపియన్ యూనియన్ 2015లోనే క్రెడిట్ కార్డు మీద బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే ఇంటర్‌చేంజ్ రుసుముకు 0.3 శాతం పరిమితి పెట్టింది. మన దేశంలో చలామణీలో ఉన్న క్రెడిట్ కార్డులు 2024 నాటికే 10 కోట్లు దాటాయి. ప్రతి బ్యాంకూ మీకు లెక్కలు పంపుతుంది. మన పాయింట్ల డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తోంది, ఎవరికి చేరుతోంది అన్నది మీ బ్యాంకు తలుచుకుంటే తేలే విషయం. ఆ అధ్యయనం చేయించి, ఫలితాలు అందరికీ తెలిసేలా ప్రకటించమని అడుగుతున్నాను.

కార్డులు మానేయమని నేను ఎవరికీ చెప్పను. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసేవాళ్లు, కార్డు లేకపోయినా ఎలాగూ కొనేవే కొనేవాళ్లు, ఏడాది ఫీజు లేని కార్డు ఒకటో రెండో ఉన్నవాళ్లు లాభపడతారు. నేరుగా బిల్లులో తగ్గే క్యాష్‌బ్యాక్ అయితే లెక్క కూడా సులువు, వాళ్లకు నేనే తీసుకోమంటాను. వాళ్లకు కూడా పాయింట్ల కన్నా పెద్ద లాభం వేరే ఉందని చెబుతాను. బ్యాంకు తప్పు గానీ కస్టమరు తప్పు గానీ లేకుండా ఎవరో మోసం చేస్తే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసిన కస్టమరుకు నష్టం ఉండకూడదని 2017 జూలైలో మీరు ఇచ్చిన ఆదేశం ఉంది. కార్డు అమ్మేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పరు.

అమ్మేటప్పుడు చెప్పేది ట్రాలీ బ్యాగు గురించి, ఎయిర్‌పోర్టు లాంజ్ గురించి, 'లైఫ్ టైమ్ ఫ్రీ' గురించి. మాల్‌లో టేబుల్ వేసుకుని నిలబడే పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లకు నెలకు ఇన్ని కార్డులని టార్గెట్ ఉంటుంది, ఆ టెన్షన్ వాళ్ల మొహంలో కనిపిస్తుంది. ఫోన్ చేసేవాళ్లు "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ కార్డు వచ్చిందండీ" అని చక్కటి తెలుగులో మాట్లాడతారు. కార్డు చేతికి వచ్చాక వచ్చే బిల్లూ షరతులూ ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగులో వచ్చిన కార్డు బిల్లు నా టేబుల్ మీద నేను ఇంతవరకు చూడలేదు. అమ్మడానికి తెలుగు పనికొచ్చినప్పుడు బాకీ చెప్పడానికీ పనికి రావాలి.

ఇంకో రకం మనుషులు ఉన్నారు. మొత్తం బిల్లు కడతారు, వడ్డీ ఒక్క పైసా పోనివ్వరు, అయినా నష్టపోతారు. 'ఇంకా రూ.40,000 ఖర్చు పెడితే ఫీజు మాఫీ, గిఫ్టు వోచరు' అని మెసేజ్ వస్తుంది. దానికోసం అవసరం లేనిది కొంటారు, లేదా బంధువుల టీవీలూ ఫ్రిజ్‌లూ తమ కార్డు మీద కొనిపెట్టి డబ్బు ఫోన్‌పేలో వేయించుకుంటారు. ఏడాదిలో కార్డు బిల్లులకు కట్టింది రూ.10 లక్షలు చేరితే బ్యాంకు ఆ సంగతిని ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖకు తెలియజేస్తుంది. జీతం రూ.7 లక్షలు, కార్డు ఖర్చు రూ.11 లక్షలు అని కనిపించినప్పుడు జవాబు చెప్పుకోవలసింది ఆ కార్డు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే. ఎవరికి ఏం కొన్నారో, ఎవరి దగ్గర ఎంత వచ్చిందో వెతికి కాగితాలు పెట్టే పనిలో నాకూ భాగం ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. ఆ వోచరు విలువ ఆ ఆందోళనకు సరిపోదు.

ఇంత కష్టపడి కూడబెట్టిన పాయింట్లు కూడా వాళ్ల చేతిలో ఉండవు. ఒక తేదీ నుంచి పాయింటు విలువ తగ్గిస్తున్నామని ఈమెయిల్ వస్తుంది. నిన్నటిదాకా ఉచితమన్న లాంజ్‌కు, పోయిన మూడు నెలల్లో ఇన్ని వేలు ఖర్చు పెట్టి ఉండాలని షరతు వస్తుంది. ఇకముందు వచ్చే పాయింట్లకు రేటు తగ్గించుకుంటే అది బ్యాంకు వ్యాపారం, నేను తప్పు పట్టను. ఆ రేటును నమ్మి ఇప్పటికే డబ్బు ఖర్చు పెట్టి సంపాదించుకున్న పాయింట్ల విలువను తగ్గించడం వేరు. 2022 ఏప్రిల్‌లో మీరు ఇచ్చిన కార్డు ఆదేశాల్లో, ఛార్జీలు పెంచాలంటే నెల ముందు చెప్పాలని, అది నచ్చక కార్డు వదిలేస్తానంటే అదనంగా ఏమీ పట్టుకోకూడదని ఉంది. చాలా మంచి నియమం. పాయింటు విలువ తగ్గించడం అంటే కార్డు ఖరీదు పెంచడమే. ఛార్జీలకు ఉన్న రక్షణ దీనికీ ఇవ్వండి. అప్పటికే జమ అయిన పాయింట్లకు పాత విలువనే కనీసం ఏడాది పాటు ఇవ్వాలని రాయండి.

ఆ 2022 ఆదేశాలు మా ఆఫీసుకు వచ్చేవాళ్లకు నిజంగా పనికొచ్చాయి. కార్డు రద్దు చేయమని అడిగితే ఏడు పనిదినాల్లో చేయాలి, చేయకపోతే రోజుకు రూ.500 కట్టాలి అన్న నియమం వచ్చాక, నెలల తరబడి కస్టమర్ కేర్ చుట్టూ తిరగడం తగ్గింది. అంకెతో రాసిన నియమానికి బ్యాంకులు కదులుతాయి. అంకె లేని నియమం సంగతి కూడా మీకు తెలుసు. 2013 సెప్టెంబరులో జీరో పర్సెంట్ వడ్డీ అనేదే లేదని మీరు సర్క్యులర్ ఇచ్చారు. ఇప్పుడు ప్రతి ఫోన్ల షాపులో 'నో కాస్ట్ ఈఎంఐ' బోర్డు ఉంది. అందులోని వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కస్టమరు కడుతూనే ఉన్నాడు. మినిమమ్ డ్యూ మాత్రమే కడితే బాకీ తీరడానికి నెలలూ ఏళ్లూ పడుతుందన్న హెచ్చరిక ప్రతి బిల్లులో ఉండాలన్నారు, ఉంటోంది. చిన్న అక్షరాల్లో, అందరికీ ఒకటే వాక్యం. అమెరికాలో 2009లో తెచ్చిన చట్టం ప్రకారం ప్రతి బిల్లులోనూ ఆ మనిషి బాకీకే లెక్క కట్టి, మినిమమ్ మాత్రమే కడుతూ పోతే ఎన్నేళ్లు పడుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో పట్టిక వేస్తారు. అక్కడ ఉంటున్న మన తెలుగు పిల్లలకు ప్రతి నెలా అందే ఆ పట్టికను ఇక్కడున్న వాళ్ల తల్లిదండ్రులకు ఇవ్వడానికి మన బ్యాంకుల కంప్యూటర్లకు కష్టమేమీ ఉండదు.

కాబట్టి నేను ముందుగా కోరేది బిల్లు మొదటి పేజీలో పక్కపక్కనే రెండు అంకెలు. ఈ ఆర్థిక సంవత్సరంలో ఈ కార్డు మీకు ఇచ్చినది ఇన్ని రూపాయలు, బిల్లులో తగ్గించుకుంటే వచ్చే విలువ ప్రకారం. ఈ ఆర్థిక సంవత్సరంలో ఈ కార్డు మీ దగ్గర తీసుకున్నది ఇన్ని రూపాయలు, వడ్డీ, ఫీజులు, జీఎస్టీ కలిపి. తెలుగు కావాలన్నవాళ్లకు తెలుగులో. ఆ రెండూ కళ్లముందు ఉంటే కార్డు ఉంచుకోవాలా వద్దా అని నన్ను అడగాల్సిన పని ఎవరికీ ఉండదు.

మూడు నెలలు వరసగా మినిమమ్ మాత్రమే కట్టిన ఖాతాకు 'ఇంకా ఖర్చు పెట్టండి, బోనస్ పాయింట్లు పొందండి' అనే మెసేజ్‌లు ఆపించండి. కస్టమరు ఒప్పుకోకుండా లిమిట్ పెంచకూడదని మీరు ఇప్పటికే చెప్పారు. అలాంటి ఖాతాకు లిమిట్ పెంచుతామని అడగడం కూడా ఆపాలి.

వడ్డీ పడుతున్న ఖాతాలో పాయింట్లు ఉంటే వాటిని అడగకుండానే, మార్చుకునే ఫీజు లేకుండా, ముందు బాకీలో తగ్గించేలా ఆదేశం ఇవ్వండి. కూడబెట్టుకున్న పాయింట్లు ఖాతాలో ఉండగానే, వాటిని బాకీకి వాడుకోవచ్చని తెలియక, 42 శాతం వడ్డీ కట్టినవాళ్ల స్టేట్‌మెంట్లు నేను చూశాను. అవి చాలాసార్లు గడువు తీరి రద్దయిపోతాయి కూడా. ఈ ఒక్క మార్పుకు కొత్త చట్టం అక్కర్లేదు. మీ సర్క్యులర్ చాలు.

ఇట్లు,
గవర్నర్‌పేట, విజయవాడ నుంచి
ఒక అకౌంటెంటు